వెనక్కి పంపినవాళ్ళ లెక్క

(హైదరాబాద్‌లో నర్సులు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తల శిక్షణ తరగతిలో ప్రజారోగ్య శాఖ నుంచి రిటైరైన ఒక డాక్టరమ్మ చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

నమస్కారమమ్మా అందరికీ. వెనక వరసకి వినబడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, వినబడకపోతే చెయ్యెత్తండి.

ముందు ఈ చిన్న గాజుసీసా మీ మధ్యకి పంపిస్తున్నాను. చూసి పక్కవాళ్ళకి అందించండి. మూత మాత్రం తీయొద్దు, లోపల సూది ఉంది. వేలెడంత పొడవు. చివర చూడండి, పాము నాలుకలాగా రెండుగా చీలి ఉంటుంది. మందులో ముంచి తీస్తే ఆ చీలిక మధ్య కాస్త తడి నిలబడుతుంది. ఎంతనుకున్నారు? ఒక మిల్లీలీటరులో 400వ వంతు. అదే డోసు. మశూచిని భూమ్మీద లేకుండా చేసింది ఈ సూదే.

ఇది మా పెద్దనాన్నది. ఆయన టీకాలు వేసే ఉద్యోగం చేసేవాడు. బళ్ళో మా తెలుగు మేష్టారు టీకా అంటే తాత్పర్యం పక్కన ఉండేది అనేవారు. మా ఇంట్లో టీకా అంటే నెల జీతం. పెద్దనాన్న సైకిలు బెల్లు వినబడితే చాలు, బస్తీలో పిల్లలంతా మంచాల కిందికి దూరేవాళ్ళు. పాపం ఆయన తప్పేం లేదు. ఈ రెండు మొనల సూది రాకముందు ఆయన చేతిలో ఉన్నది తిప్పుడు లాన్సెట్టు. గుండ్రటి బిళ్ళకి పళ్ళుంటాయి. దాన్ని చర్మం మీద పెట్టి మెలి తిప్పడమే. నా చేతి మీద ఇదిగో, రూపాయి బిళ్ళంత మచ్చలు రెండు. పుండు పడి నెల రోజులు చెయ్యి ఎత్తలేకపోయానని అమ్మ చెప్పేది.

మీలో కొందరు భుజం చూపించి నాకూ ఉంది మేడమ్ అంటారు, నాకు తెలుసు. అది బీసీజీ, క్షయకి వేసినది. మన దేశంలో మశూచి టీకా 1970ల చివర్లో ఆపేశారు. అంటే ఈ హాల్లో నలభై ఐదు దాటనివాళ్ళు ఎవరికీ ఆ టీకా పడలేదు. నా లెక్కన ఇక్కడ నేనూ, ఆ మూల కూర్చున్న అక్కా, ఇంకో ఇద్దరు ముగ్గురం తప్ప అందరూ ఖాళీయే.

మరి లేని జబ్బు గురించి ఈ పొద్దున్నే ఎందుకు? ప్రకృతిలో ఆఖరి మశూచి కేసు 1977 అక్టోబరులో సోమాలియాలో వచ్చింది. 1980 మేలో జబ్బు పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కానీ వైరస్ పూర్తిగా పోలేదు. అమెరికాలో అట్లాంటాలో, రష్యాలో కొల్త్సోవోలో తాళాల వెనక ఉంది. తాళం సంగతి ఎందుకు ఎత్తానంటే, 1978లో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో ల్యాబొరేటరీ ఉన్న భవనంలో పనిచేసే ఒకావిడకి మశూచి సోకి చనిపోయింది. ఇక 2022లో, మళ్ళీ 2024లో ఎంపాక్స్, అంటే మొన్నటిదాకా మంకీపాక్స్ అన్నది, దాని విషయంలో ప్రపంచమంతటికీ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అదీ ఈ కుటుంబంలోదే. దానికి వాడుతున్నదీ మశూచి కోసం తయారుచేసిన టీకాలే. కొత్తవి చాలా నయం, వాటిలో ఒకటి ఒంట్లో పెరగని రకం. పాతరకం మాత్రం మొండిది. మొండి ఎద్దుతో దున్నడం నేర్చుకున్నవాడు ఏ ఎద్దుతోనైనా దున్నుతాడు. ఈ పాతరకం టీకాని జాగ్రత్తగా వేసే కార్యక్రమం నడపగలిగితే మీరు ఇంకే టీకా కార్యక్రమమైనా నడపగలరు.

మొండిది అని ఎందుకన్నాను? అందులో ఉన్నది బతికున్న వైరస్. మశూచి వైరస్ కాదు, దాని దాయాది, వ్యాక్సీనియా అంటారు. వేసిన మూడు నాలుగు రోజులకి చిన్న గడ్డలా లేస్తుంది, తర్వాత నీటిపొక్కు, ఎనిమిది పది రోజులకి చీము పొక్కు, మూడు వారాలకి చెక్కు రాలిపోతుంది. ఆ చెక్కు రాలేదాకా ఆ పుండులో వైరస్ ఉంటుంది. గోకిన చేత్తో కన్ను నలిపితే కంటికి పోతుంది. పక్కలో పడుకున్న పసిబిడ్డకి పోతుంది. టీకా వేయించుకున్నది ఒకరు, బాధపడేది ఇంకొకరు కావచ్చు. మనం వేసే మామూలు టీకాల్లో ఇలాంటి చిక్కు దాదాపు లేదు. 1960ల్లో అమెరికాలో లెక్కలు తీస్తే, మొదటిసారి వేయించుకున్న ప్రతి పది లక్షల మందిలో ఒకరిద్దరు చనిపోయారు, ప్రాణం మీదికి వచ్చినవాళ్ళు పదుల్లో ఉన్నారు. మశూచి సోకితే పదిమందిలో ముగ్గురు పోతారు కాబట్టి ఆ రోజుల్లో అది చవక బేరమే. ఊళ్ళో జబ్బే లేనప్పుడు చవక కాదు.

ఇక్కడ మా పెద్దనాన్న రిజిస్టరు సంగతి చెప్పాలి. నీలం అట్ట పుస్తకం. చాలాకాలం మా అటక మీద ఉండేది. పేరు, వయసు, తండ్రి పేరు, తేదీ, మొదటిసారా మళ్ళీ వేశారా. పెద్దయ్యాక తిరగేసి చూశాను. పేజీలకి పేజీలు బడిపిల్లలే. అవే పేర్లు ఏడాదికోసారి మళ్ళీ మళ్ళీ. ఎందుకు పెద్దనాన్నా అని అడిగితే నవ్వాడు. "నెలకి ఇన్ని వేయాలని పైనుంచి లెక్క వచ్చేది బిడ్డా. బడిపిల్లలు లైన్లో నిలబడతారు, పారిపోలేరు" అన్నాడు. పని కోసం వలస వచ్చి గుడిసెలేసుకున్నవాళ్ళు, చంటిపిల్లలు, ఇల్లు దాటని ఆడవాళ్ళు ఆ పుస్తకంలో ఎక్కడో ఒకటి అరా తప్ప లేరు.

మా పెద్దనాన్న ఒక్కడి సంగతే కాదిది. 1962లో దేశమంతటా మశూచి నిర్మూలన కార్యక్రమం మొదలైంది. కోట్ల కోట్ల టీకాలు వేశారు. కాగితం మీద శాతాలు బ్రహ్మాండంగా ఉన్నాయి. జబ్బు పోలేదు. 1974లో ఒక్క ఏడాదిలో మన దేశంలో 1,88,000 పైగా కేసులు, ఎక్కువ భాగం బీహార్‌లో. దాన్ని తిప్పింది ఇంకా ఎక్కువ టీకాలు కాదు. 1973 చివరి నుంచి ఇల్లిల్లూ తిరిగి జబ్బు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టారు. పొక్కులున్న పిల్ల ఫొటో అట్ట ఒకటి చేత్తో పట్టుకుని సంతల్లో, బళ్ళలో చూపించి "ఇలాంటిది ఎక్కడైనా చూశారా" అని అడిగేవాళ్ళు. చెప్పినవాళ్ళకి బహుమతి. చివరికి అది వెయ్యి రూపాయలైంది, అప్పటి వెయ్యి! కేసు దొరికితే ఆ ఇంటి ముందు కాపలా పెట్టి చుట్టూ ఉన్నవాళ్ళందరికీ టీకా. 1975 మే తర్వాత మన దేశంలో మశూచి లేదు. ఒక్క ఏడాదిలో! ఎన్ని వేశాం అని లెక్కపెట్టినంతకాలం ఓడిపోయాం, ఎవరికి వేయాలి అని వెతికాక గెలిచాం.

మన ఊరికీ ఇందులో వాటా ఉంది. నారాయణగూడలో ఐపీఎం, అదే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, తెలుసుగా, కుక్క కరిస్తే పరిగెత్తేవాళ్ళం. ఆ రోజుల్లో మశూచి టీకా మందు తయారైన చోట్లలో అదీ ఒకటి. దూడల చర్మం మీద పెంచి, శుద్ధిచేసి, గడ్డకట్టించి ఆరబెట్టి పొడి చేసేవాళ్ళు. అంతకుముందు ద్రవం మందు మన మే నెల ఎండకి ఇట్టే చచ్చిపోయేది. చచ్చిన మందు వేసి రిజిస్టరులో టిక్కు పెట్టిన చేతులెన్నో.

ఇంకో దేశం కథ. 2002 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం, ఎవరైనా మశూచి వైరస్‌ను ఆయుధంగా వాడతారేమోనన్న భయంతో, ముందు దాదాపు 5 లక్షల మంది ఆరోగ్య సిబ్బందికి టీకా వేస్తామని చెప్పింది. జనవరిలో మొదలుపెట్టింది. చివరికి 40 వేల దగ్గర ఆగిపోయింది. డబ్బు లేకా? మందు లేకా? అన్నీ ఉన్నాయి. నర్సులు ఒక మాట అడిగారు: నాకేమైనా అయితే ఆస్పత్రి ఖర్చు ఎవరిది, సెలవు జీతం ఎవరిస్తారు, నా ద్వారా నా బిడ్డకి సోకితే ఎవరు చూస్తారు? పరిహారం చట్టం ఏప్రిల్‌లో వచ్చింది, టీకా మొదలైన మూడు నెలలకి. వియ్యాలవారు వచ్చి కూర్చున్నాక పొయ్యి అంటించినట్టు. ఈలోపు ఎవరూ ఊహించనిది ఒకటి బయటపడింది. కొందరికి గుండె కండరం, గుండె పొర వాచాయి. మార్చిలో గుండెజబ్బు ఉన్నవాళ్ళకి వేయొద్దని ఉత్తర్వు మార్చారు. పాత పుస్తకాల్లో ఆ ప్రమాదం గట్టిగా రాసి లేదు. జాగ్రత్తగా కనిపెట్టి చూశారు కాబట్టి దొరికింది. అది మెచ్చుకోవాల్సిన సంగతే, నేనైతే మెచ్చుకుంటాను.

ఇప్పుడు మన బల్ల దగ్గరికి వద్దాం. టీకా కేంద్రంలో ప్రమాదం సూది దగ్గర జరగదు, దానికి ముందున్న బల్ల దగ్గర జరుగుతుంది. ప్రశ్నలడిగే బల్ల. పాతరకం టీకా ఎవరికి వేయకూడదు? ఎగ్జిమా ఉన్నవాళ్ళకి, చిన్నప్పుడు ఉండి తగ్గినవాళ్ళకి కూడా. గర్భిణులకి. హెచ్ఐవీ, క్యాన్సర్ మందులు, అవయవ మార్పిడి, స్టెరాయిడ్లు, వీటివల్ల ఒంట్లో రోగనిరోధకశక్తి తగ్గినవాళ్ళకి. గుండెజబ్బు ఉన్నవాళ్ళకి. వీళ్ళు ఇంట్లో ఉన్నా ఆలోచించాలి. ఇదంతా మీ పుస్తకంలో ఉంది. పుస్తకంలో లేనిది అడిగే తీరు.

ఎగ్జిమా ఉందా అని అడిగితే బస్తీలో ఎవరైనా లేదనే అంటారు. వాళ్ళ దగ్గర ఆ మాటే లేదు. తామర అంటే కొందరికి అది వేరే జబ్బు. గజ్జి అంటే కోపం వస్తుంది. ఇలా అడగండి: చిన్నప్పుడు మోచేతి మడతల్లో, మోకాలి వెనక ఎప్పుడూ దురద పెట్టి, గోకి గోకి చర్మం మందంగా నల్లగా అయ్యేదా? అప్పుడు ఆలోచించి "మా చిన్నోడికి ఉండె" అంటారు. పాతబస్తీలో అయితే ఖుజ్లీ అనే మాటతో, అదీ మోచేతి మడత చూపిస్తూ అడగాలి. తెలుగులో అచ్చేసిన ఫారం యాకుత్‌పురాలో ఎవరి కోసం?

గర్భం సంగతి ఇంకా కష్టం. ఒక కోడలు, పక్కన అత్తగారు, వెనక మరిది. మీరు గట్టిగా "నెల తప్పిందా" అంటే ఆ పిల్ల తల వంచుకుని లేదంటుంది. ఇంకా ఇంట్లో చెప్పలేదు కదా! హెచ్ఐవీ మందులు మింగేవాడు పక్కింటివాళ్ళ ముందు ఎలా చెప్తాడు? అందుకని నేను ఒకటే చెప్తాను. బల్ల వెనక ఒక తెర కట్టండి. ప్రశ్నలన్నీ పెద్ద అక్షరాల్లో తెలుగులో, ఉర్దూలో, హిందీలో ఒకే కాగితం మీద ఉండాలి. చదవలేనివాళ్ళకి తెర వెనక ఒకరు చదివి చెప్పాలి. అడుగున ఒక వాక్యం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ రోజు టీకా వద్దు, ఏది ఉందో చెప్పక్కర్లేదు. కారణం చెప్పకుండా వెనక్కి వెళ్ళిపోయే దారి ఉండాలి. ఆ దారి లేకపోతే మనిషి అబద్ధం చెప్పి ముందుకొస్తాడు. వచ్చాక అది ఆయన అబద్ధం కాదు, మన తప్పు.

ఇందుకే రిజిస్టరులో నేను కోరేది ఒక గడి. ఈ రోజు ఎంతమందిని వెనక్కి పంపాం? రెండొందల మంది వచ్చారు, రెండొందల మందికీ వేశారు అని ఒక కేంద్రం నుంచి లెక్క వచ్చిందనుకోండి. మామూలుగా అయితే ఆ కేంద్రానికి చప్పట్లు కొడతారు. నేనైతే జీపు ఎక్కి ముందు అక్కడికే పోతాను. రెండొందల మందిలో ఒక గర్భిణి లేదు, ఒక చర్మం జబ్బు లేదు, ఒక గుండెజబ్బు లేదు అంటే అక్కడ ఎవరూ అడగలేదన్నమాట.

నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. కోవిడ్ టీకాల టైములో నేను ఒక కేంద్రాన్ని చూసి రమ్మంటే వెళ్ళాను. ఏ కేంద్రమో అడక్కండి. అన్నీ సరిగ్గా ఉన్నాయి. కుర్చీలు దూరం దూరంగా, బోర్డు మీద అరగంట కూర్చోమని రాత, గోడకి ఎమర్జెన్సీ కిట్టు పెట్టె. నా దగ్గరున్న కాగితంలో "కిట్టు ఉన్నది" అన్న గడిలో నేనే టిక్కు పెట్టాను. పది నిమిషాలకి ఒక కాలేజీ పిల్ల కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయింది. సిస్టరమ్మ పరిగెత్తింది. పెట్టెకి తాళం. తాళంచెవి ఫార్మసిస్టు జేబులో. ఫార్మసిస్టు వీధి చివర ఇరానీ హోటల్లో చాయ్ తాగుతున్నాడు. ఆ పిల్లకి ఏం కాలేదు, పొద్దున్నుంచి ఏమీ తినలేదు, సూది చూసి కళ్ళు తిరిగాయి, కాళ్ళు పైకెత్తి పడుకోబెడితే లేచి కూర్చుంది. కానీ అది నిజంగా ఒళ్ళంతా దద్దుర్లెక్కి ఊపిరాడని రియాక్షన్ అయ్యుంటే? దాన్ని ఆపే మందు అడ్రినలిన్ మూడు గజాల దూరంలో ఉంది, తాళం వెనక. ఆ రోజు నుంచి నేను కిట్టు ఉందా అని అడగను. తెరిచి చూపించమంటాను, చేతిలో వాచీ పట్టుకుని.

సూది పని గురించి రెండు మాటలు, మధ్యాహ్నం ఎలాగూ చేసి చూపిస్తారు. స్పిరిటుతో తుడవకండి, తుడిస్తే పూర్తిగా ఆరేదాకా ఆగండి, లేకపోతే స్పిరిటే వైరస్‌ని చంపేస్తుంది. సూది ఒక్కసారే ముంచాలి, చర్మానికి తగిలిన సూది మళ్ళీ సీసాలోకి వెళ్ళకూడదు. పావలా కాసుకన్నా చిన్న చోట నిలువుగా 15 సార్లు తాటించాలి. రక్తం ఊరాలి, కారకూడదు.

వేసి పంపేస్తే పని అయిపోయినట్టు కాదు. ఆరు నుంచి ఎనిమిది రోజుల మధ్య మనిషిని మళ్ళీ చూడాలి. పొక్కు లేవకపోతే టీకా పట్టలేదన్నమాట. ఒక నర్సు వేసినవాళ్ళలో ఎక్కువమందికి పట్టలేదంటే ఆమెని తిట్టకండి. ముందు సీసా ఏ తారీఖున కలిపారో చూడండి, తర్వాత ఆమె పక్కన నిలబడి చెయ్యి చూడండి. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు గుచ్చడానికి భయపడి మెల్లగా తాకిస్తారు. మా పెద్దనాన్న చివరి రోజుల్లో కూడా గాల్లో వేళ్ళు టకటకమని కొట్టుకుంటూ పదిహేను లెక్కపెట్టేవాడు.

ఇంటికి పంపేటప్పుడు చెప్పే మాటలు కూడా మన ఇళ్ళకి తగ్గట్టు ఉండాలి. వదులుగా గాజుగుడ్డ కట్టు, దానిమీద పొడుగు చేతుల చొక్కా. కట్టు ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడగాలి. ఇది పుస్తకం. ఒక్క గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో, తువ్వాలు ఒక్కటే ఉన్న ఇంట్లో, పైట కొంగుతోనే చంటిదాని మూతి తుడిచే తల్లికి ఏం చెప్తారు? మూడు వారాలు నీ తువ్వాలు వేరు, బిడ్డని ఆ చెయ్యివైపు ఎత్తుకోవద్దు, ఆ చెయ్యివైపు పడుకోబెట్టుకోవద్దు, చెక్కు రాలితే పారేయకుండా కవర్లో మూతికట్టి మాకివ్వు. ఇంత విడమరిచి చెప్పాలి. అమ్మవారు పోసిన ఇంట్లో గుమ్మానికి వేపమండలు కట్టి, బయటివాళ్ళని రానివ్వకుండా, రోగి బట్టలు వేరుగా ఉంచిన ముసలమ్మలకి ఈ సంగతి మనకన్నా బాగా తెలుసు. పెద్దనాన్న అలాంటి ఇంటికి వెళ్తే చెప్పులు బయట విడిచి, ముందు తల్లికి దండం పెట్టి, తర్వాతే మిగతావాళ్ళకి టీకా మాట ఎత్తేవాడు.

మన ఊళ్ళో నిజంగా అవసరం వస్తే ముందు ఎవరికి? నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిని మా అమ్మమ్మ చివరిదాకా కోరంటి దవాఖానా అనే పిలిచింది. క్వారంటైన్ మన నోట్లో పడి కోరంటి అయింది. అలాంటి చోట డాక్టర్ల పేర్లు జాబితాలో ముందే ఎక్కుతాయి. నేనడిగేది వార్డు ఊడ్చే ఆమె, దుప్పట్లు ఉతికే అతను, 108 డ్రైవరు, మార్చురీలో పనిచేసేవాళ్ళ గురించి. కాంట్రాక్టు మనుషులు కాబట్టి ఏ జాబితాలోనూ ఉండరు. 1972లో యుగోస్లావియాలో మశూచి వస్తే 175 మందికి సోకింది, అందులో చాలామంది ఆస్పత్రుల్లోనే అంటించుకున్నారు. ఇంకొకటి, ఒక వార్డులో అందరికీ ఒకే రోజు వేయకండి. ఎనిమిదో రోజుకి కొందరికి జ్వరం, చంకలో బిళ్ళలు. వార్డు ఎవరు చూస్తారు?

మందు రాకముందే తేల్చుకోవాల్సినవి ఇంకో రెండున్నాయి. వ్యాక్సీనియా ఇమ్యూన్ గ్లోబ్యులిన్ అనే విరుగుడు ఎక్కడ దొరుకుతుంది, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలి. అలాగే, ఏదో తేడాగా ఉందని అనిపిస్తే కార్యక్రమం ఆపే అధికారం ఎవరిది. లక్ష్యం చేరే బాధ్యత ఉన్న మనిషికే ఆపే అధికారం ఇవ్వకూడదు, ఆపడు. ఇంత పెద్ద నగరంలో టీకా వేసినా వేయకపోయినా రోజూ కొందరికి గుండెపోటు వస్తుంది. ఆ లెక్క ముందుగా చేతిలో ఉంటేనే, టీకా తర్వాత వచ్చింది టీకా వల్ల వచ్చిందా అన్నది చెప్పగలం. లెక్క లేకపోతే వాట్సాప్ చెప్తుంది.

ఇప్పటిదాకా నేను వద్దు వద్దు అన్నవన్నీ జబ్బు ఊళ్ళో లేనప్పటి మాట. నిజంగా మశూచి రోగి పక్కన కూర్చున్న మనిషి మీ ముందుకొస్తే లెక్క తిరగబడుతుంది. గర్భిణి అయినా, ఎగ్జిమా ఉన్నా వేయాల్సి రావచ్చు, ఎందుకంటే అప్పుడు ఎదురుగా ఉన్నది పదిలో ముగ్గురిని తీసుకుపోయేది. సోకిన మూడు నాలుగు రోజుల్లోపు వేస్తే జబ్బు రాకుండా ఆగొచ్చు, వచ్చినా తేలిగ్గా పోవచ్చు. కాబట్టి రెండు ఫారాలు సిద్ధంగా ఉండాలి, రెండు రంగుల్లో. ఆ గాబరాలో ఏ ఫారం తీయాలో వెతుక్కోకూడదు.

ఆ సీసా ఎక్కడిదాకా వచ్చింది? నాలుగో వరస. సరే, చూశాక ఇటు పంపించండి, అది ఒక్కటే ఉంది నా దగ్గర. ఇప్పుడు ఇద్దరిద్దరు కూర్చోండి. ఒకరు తెర వెనక అడిగేవాళ్ళు, ఒకరు వచ్చినవాళ్ళు. వచ్చినవాళ్ళకి నేను చీటీ ఇస్తాను, అందులో మీ జబ్బు రాసి ఉంటుంది. అడిగితే తప్ప చెప్పకూడదు. ఉర్దూ మాట్లాడేవాళ్ళెవరమ్మా? నలుగురేనా? మీరు ముందుకి రండి, మీతోనే మొదలుపెడదాం.